నలభై పేర్లూ మూడు చుక్కలూ

ఆ కంటి ఆసుపత్రిలో ఆవిడ అసలు పేరు హాజరు పట్టీకి తప్ప ఎవరికీ గుర్తులేదు. ఇంట్లో భర్తకి గుర్తుందిగానీ, ఆయన కోపం వస్తేనే ఆ పేరు తీస్తాడు. మిగతా అందరికీ, గేటు దగ్గర వాచ్‌మన్ మొదలుకుని పెద్ద డాక్టరమ్మ దాకా, ఆవిడ ఫోనక్క. ఇరవై రెండేళ్ళ వయసులో టెలిఫోన్ బోర్డు ముందు కూర్చోబెట్టారు. "హలో, కంటాసుపత్రి" అని రోజుకి మూడొందల సార్లు అని అని గొంతు నున్నబడింది. తర్వాత ఎవరి జేబులోకి వాళ్ళకి ఫోన్లు వచ్చాయి, బోర్డు పీకేశారు. దాంతోపాటే ఫోనక్కని కూడా పీకేస్తారని క్యాంటీన్లో అందరూ ముందుగానే జాలిపడటం మొదలుపెట్టారు. జాలిపడటానికి మనుషులకి ఆధారాలు అక్కర్లేదు కదా.

పెద్ద డాక్టరమ్మ మాత్రం గదిలోకి పిలిచి, "బోర్డు పోతే పోయింది, గొంతు ఉందిగా. దానికి పని ఇస్తాను" అంది.

ఆ పని ఇదీ. నీటికాసులని ఒక జబ్బుంది. కంటిలోపల ఒత్తిడి పెరుగుతుంది. నొప్పి తెలియదు, కన్ను ఎర్రబడదు, చూపు మాత్రం అంచుల నుంచి కొంచెం కొంచెంగా తరిగిపోతుంది. పోయిన చూపు మళ్ళీ రాదు. ఉన్నది నిలబెట్టుకోవాలంటే రోజూ కంట్లో చుక్కల మందు వేసుకోవాలి, మూడు నెలలకోసారి వచ్చి ఒత్తిడి కొలిపించుకోవాలి. నొప్పి లేని జబ్బుకి ఆసుపత్రి మెట్లెక్కే మనిషి ఎక్కడైనా ఉంటే చూపించండి. అందుకని ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, గుర్తుచేసి, బతిమాలి, మాట వినకపోతే నాలుగు చీవాట్లు పెట్టి రప్పించాలి. పదమూడేళ్ళుగా ఫోనక్క చేస్తున్నది అదే.

ఆవిడ ఫోన్ చేసే పద్ధతి వేరు. తారీఖు ఆఖర్న చెబుతుంది. ముందు మోకాళ్ళ సంగతి, కోడలి కాన్పు సంగతి, ఇంటి పైకప్పు కారడం ఆగిందా లేదా, ఇవన్నీ అయ్యాక "అన్నట్టు బాబాయ్ గారూ, గురువారం మీరు రావాలి" అంటుంది. రాననడానికి అవతలివాళ్ళకి అప్పటికి మొహం చెల్లదు. పక్క బల్లలవాళ్ళు ఒక ఫోనుకి ఒక నిమిషం చాలదా అని సణిగేవారు. చాలదు. పిలిచినవాళ్ళలో నూటికి తొంభై మంది వచ్చేవారు, ఆ మాట పెద్ద డాక్టరమ్మ ప్రతి మీటింగులోనూ చెప్పేది, ఫోనక్క ప్రతిసారీ వినపడనట్టు నటించేది.

ఏ రోజు ఎవరికి ఫోన్ చెయ్యాలో చెప్పేది కంప్యూటరు. పేషెంట్ల వివరాలన్నీ ఒక డేటా ఇంజనులో ఉంటాయి. దాన్ని అడగడానికి ఒక నల్ల కిటికీ ఉంది, షెల్ అంటారు. మూడు రోజుల తర్వాతి తారీఖు వేసి, ఆ రోజు రావలసినవాళ్ళ పేర్లూ నంబర్లూ ఇమ్మని అందులో రెండు లైన్ల ప్రశ్న కొట్టాలి. ఆ రెండు లైన్లనీ కంప్యూటర్ల గదిలో ఉండే సారు ఒక కాగితం మీద రాసి గోడకి అంటించాడు. ఆయన మాటలో సగం ఎప్పుడూ గొంతులోనే ఉండిపోతుంది, అందుకని ఆయన పేరు గొణుగుడు సారు. ఫోనక్క రోజూ పొద్దున్నే ఎనిమిదింటికి ఆ కాగితం చూస్తూ ఒక్కో అక్షరం కొట్టేది. తప్పు పడితే ఇంజను ఎర్రక్షరాల్లో కసురుకునేది, ఫోనక్క దాన్ని తిరిగి కసిరేది. జాబితా వచ్చాక పొడుగాటి నోటుబుక్కులో ఎత్తి రాసుకుని, ఫోన్ చేసిన పేరు పక్కన టిక్కు పెట్టుకునేది.

నాలుగు నెలల క్రితం పాత ఇంజను తీసేసి కొత్తది పెట్టారు. పాతది పేర్లన్నిటినీ తెర మీద గబగబా కుమ్మరించేది. కొత్తది మర్యాదస్తురాలు. గళ్ళు గీసి, పేర్లు వరుసలో పెట్టి, ఒక్క తెరలో సరిపోయేటట్టు చూపించేది. పైన ఇరవై పేర్లు, మధ్యలో ఒకదాని కింద ఒకటిగా మూడు చుక్కలు, కింద మరో ఇరవై పేర్లు. పనెక్కువగా ఉన్న రోజుల్లో సరిగ్గా నలభై. మూణ్ణాలుగు వారాలు చూసి ఫోనక్క ఒక నిర్ణయానికి వచ్చేసింది: తన గొంతు మీద ఇన్నాళ్ళకి ఎవరికో దయ పుట్టింది, రోజుకి నలభై దాటకుండా కట్టడి చేశారు. మరి ఆ చుక్కలు? ఇరవై మంది అయ్యాక కాస్త ఊపిరి పీల్చుకోమని. అంత స్పష్టంగా చెబుతుంటే కాదనడం దేనికని, నోటుబుక్కులో కూడా ఇరవయ్యో పేరు కింద మూడు చుక్కలు పెట్టుకుని, అక్కడికి రాగానే లేచి వెళ్ళి టీ తాగొచ్చేది. ఒకసారి క్యాంటీన్లో గొణుగుడు సారు ఎదురుపడితే, "కొత్త పద్ధతి చాలా బాగుంది సార్, ప్రాణం సుఖంగా ఉంది" అని దణ్ణం కూడా పెట్టింది. ఆయన ఏదో గొణిగాడు. పర్వాలేదన్నాడని ఈవిడ అనుకుంది. ఇంజను వేగాన్ని మెచ్చుకుంటోందని ఆయన అనుకున్నాడు.

ఒక మంగళవారం పొద్దున గడియారాల మేస్త్రి వచ్చాడు. బజారు మలుపులో ఒక మనిషి కూర్చుంటే నిండిపోయే కొట్టు ఆయనది. కంటికి గాజుబిళ్ళ బిగించుకుని, ఆవగింజంత చక్రాలు పట్టకారుతో ఎత్తి పెట్టే మనిషి. తొమ్మిదేళ్ళుగా ఫోనక్క పిలవడం, ఆయన రావడం. తిన్నగా ఆవిడ బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"ఏమ్మా, ఒంట్లో బాగుంటోందా?"

"నాకేం బాబాయ్, బాగానే ఉన్నా. అదేంటి, అలా అడుగుతున్నారు?"

"ఏంలేదమ్మా. ఈసారి నీ ఫోను రాలేదు. నెల చూశా, రెండో నెల చూశా. నువ్వు పిలవకుండా ఉండే మనిషివి కాదే, ఏదన్నా జబ్బు చేసిందేమో, ఒకసారి చూసి పోదామని వచ్చా."

ఫోనక్క నవ్వబోయి ఆగిపోయింది. "చుక్కలు వేసుకుంటున్నారా?"

"అదేనమ్మా, సీసా అయిపోయింది. పిలవలేదంటే తగ్గిపోయిందేమోలే, ఇక అక్కర్లేదేమో అనుకుని కొనలేదు."

చెయ్యి పట్టుకుని ఆవిడే లోపలికి తీసుకెళ్ళింది. ఒత్తిడి ఉండాల్సినదానికి రెండింతలుంది. చూపు పరీక్షలో ఎడమ కంటికి ఒక పక్క అంచు పోయింది, పోయినసారి అది ఉంది. డాక్టరమ్మ వెంటనే మందు వేసి, ఇంకో నెల ఆలస్యమైతే రెండో కంటికి కూడా ఇలాగే అంచు పోయేదని చెప్పింది. ఫోనక్క బల్ల దగ్గరికి తిరిగొచ్చి నోటుబుక్కులో ఆయన రావలసిన తారీఖు తీసింది. పై ఇరవై పేర్లూ చూసింది, కింది ఇరవై చూసింది. వేలు పెట్టి మళ్ళీ చూసింది. ఆయన పేరు లేదు. మర్చిపోవడమంటే పేరు రాసుకుని టిక్కు పెట్టకపోవడం. అసలు పేరే లేకపోవడం ఏమిటో ఆవిడకి అర్థం కాలేదు.

సాయంత్రం ఇంటికి ఆ నోటుబుక్కు కూడా పట్టుకెళ్ళింది. భర్త అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దుతాడు. ముప్పై ఏళ్ళుగా ఇతరుల తప్పులు వెతకడమే పని కాబట్టి ఇంట్లో కూడా ఆ అలవాటు పోలేదు, వంటింటి డబ్బాల మీద చీటీలు కూడా దిద్దుతాడు. ఆవిడ సంగతంతా చెప్పి పుస్తకం ముందు పెడితే కళ్ళజోడు సర్దుకుని చూశాడు.

"ఈ చుక్కలేమిటి?"

"అక్కడ టీకి లేస్తాను."

"నువ్వు పెట్టావా?"

"నేనెందుకు పెడతాను, తెర మీదే ఉంటాయి. ఉన్నది ఉన్నట్టు దించాను."

ఆయన పుస్తకం మూసి ఆవిడ మొహంలోకి చూశాడు. "ఏమే, మా పనిలో వాక్యం మధ్య మూడు చుక్కలు పెట్టారంటే ఒకటే అర్థం. అక్కడ ఇంకా ఉంది, ఇక్కడ వెయ్యలేదు అని."

పట్టపగలు కాకపోయినా ఫోనక్కకి చుక్కలు కనిపించాయి. మళ్ళీ పుస్తకం తెరిచి పేజీలు తిప్పింది. నాలుగు నెలలు. రోజుకి ఎంతమంది? వాళ్ళలో చుక్కల మందు మానేసినవాళ్ళెందరు, తనింకా పిలుస్తుందని కాచుకుని ఉన్నవాళ్ళెందరు? తారీఖు దాటిన పేరు మర్నాటి జాబితాలోకి రాదు. ప్రశ్న అడిగేది ఒక్క రోజు గురించే. అలా జారిపోయిన మనిషిని ఇక ఎవరూ పిలవరు.

మర్నాడు గొణుగుడు సారు గది తలుపు తెరిచేసరికే ఎదురుగా నిలబడి ఉంది. ఆయన నల్ల కిటికీ తెరిచి గడియారాల మేస్త్రి తారీఖు వేసి అడిగాడు. ఇరవై పేర్లు, మూడు చుక్కలు, ఇరవై పేర్లు. వేలు కిందికి జరిపి, గడి అడుగున సన్నటి ఇంగ్లిషు అక్షరాల లైను చూపించాడు. యాభై ఏడు వరుసలు, చూపించినవి నలభై అని రాసి ఉంది. నాలుగు నెలలుగా చుక్కలున్న ప్రతి రోజూ రాసే ఉంది. కంటి ఆసుపత్రిలో కూర్చుని కంటి ముందున్నది చూడలేదని ఫోనక్క తలబాదుకుంది.

"తప్పు మీది కాదు, చెప్పాల్సింది నేను" అన్నాడు సారు. ఈసారి ప్రతి అక్షరమూ వినపడింది. మనిషి మొహం పాలిపోయింది. "క్యాంటీన్లో మీరు దణ్ణం పెట్టినప్పుడైనా ఎందుకని అడగాల్సింది."

"ఆ నలభైని నాలుగొందలు చేసెయ్యండి సార్, గొడవ వదిలిపోతుంది."

"చెయ్యొచ్చు. రేపు మీ కంప్యూటరు మారిస్తే మళ్ళీ నలభై అవుతుంది. ఈ కిటికీ ఉన్నది మనిషి చూసుకోవడానికి. అందుకే చూడ్డానికి వీలుగా కత్తిరించి చూపిస్తుంది. ఇదే ప్రశ్న స్క్రిప్టు నుంచి అడిగారనుకోండి, చూపించదు, ఉన్నవన్నీ తెచ్చి చేతికిస్తుంది."

"స్క్రిప్టంటే?"

"మీరు రోజూ కొట్టే లైన్లు ఒక ఫైల్లో రాసి పెట్టుకోవడం. తారీఖు అదే చూసుకుంటుంది, అదే అడుగుతుంది, ఎన్ని పేర్లొచ్చాయో ముందు లెక్క చెప్పి కాగితం మీద అచ్చేస్తుంది. రాసిస్తాను."

"మీరు రాసివ్వొద్దు సార్" అంది ఫోనక్క. "పోయినసారి రాసిచ్చారు, నేను గుడ్డిగా దించాను. ఈసారి నేర్పండి, నేను రాస్తాను."

మామూలుగా ఇలాంటి మాటకి కంప్యూటర్లవాళ్ళు నవ్వి, సరేనని, సాయంత్రానికి వాళ్ళే రాసి పంపిస్తారు. ఈయన కుర్చీ జరిపి చోటిచ్చాడు. ఆ మేలు ఫోనక్క ఇప్పటికీ మర్చిపోలేదు. రెండు రోజులు తన పని పక్కన పెట్టి ఆవిడ పక్కన కూర్చున్నాడు. మొదటి లైన్లో ఇంజను ఉన్న చోటు చెప్పాలి. రెండో దాంట్లో ప్రశ్న. తర్వాత వచ్చిన పేర్లన్నిటినీ ఒక్కొక్కటిగా తీసి రాయించాలి. ఎడం పక్క నాలుగు ఖాళీలుండాల్సిన చోట మూడుంటే ఆ కంప్యూటరు భాష అలిగి కూర్చుంటుంది. "మా ఆడపడుచు నయం" అని విసుక్కుంటూనే ఫోనక్క సరిదిద్దుకుంది. మధ్యలో ఆవిడే ఒక సంగతి అడిగింది: ఒక్క రోజువాళ్ళనే ఎందుకు పిలవాలి, తారీఖు దాటిపోయి రానివాళ్ళని కూడా అదే ప్రశ్నలో అడగకూడదా, వచ్చేదాకా ఆ పేరు రోజూ నా ముందుకి రావాలి కదా అని. సారు, ఇన్నేళ్ళలో ఇది నాకు తట్టలేదని ఒప్పుకున్నాడు.

తర్వాత ఆయనకి ఉత్సాహం వచ్చింది. "ఇంత చేశాక ఫోన్లు కూడా దేనికి? అందరికీ మెసేజ్ వెళ్ళిపోయేటట్టు పెట్టేస్తే?"

"చూపు ఆననివాళ్ళకి మెసేజా సార్?"

గొణుగుడు సారు ఆ ఆలోచన అక్కడితో వదిలేశాడు.

శుక్రవారం పొద్దున స్క్రిప్టుని మొదట గడిచిన నాలుగు నెలల మీద నడిపారు. చుక్కల్లో పడిపోయినవాళ్ళు మొత్తం నూట పన్నెండు మంది. వాళ్ళలో డెబ్భై నాలుగు మంది పిలవకపోయినా ఎలాగో వచ్చి చూపించుకున్నారని రికార్డులో ఉంది. ఆ డెబ్భై నాలుగు మందికీ ఫోనక్క కూర్చున్నచోటి నుంచే చేతులెత్తి మొక్కింది. మిగిలినవాళ్ళు ముప్పై ఎనిమిది. పేర్లన్నీ, ఒక్కటీ పోకుండా, అంకెలతో సహా ప్రింటరులోంచి బయటికొచ్చాయి. కాగితం ఇంకా వెచ్చగా ఉండగానే ఫోన్ అందుకుంది.

ఈసారి మోకాళ్ళ సంగతులు అడగలేదు. "తప్పు మాది. మిమ్మల్ని పిలవాల్సింది, పిలవలేదు. ఇవాళే రండి" అని మొదలుపెట్టింది. తిట్టేవాళ్ళు తిట్టారు. ఒకాయన ఫోన్‌లోనే ఒంటికాలి మీద లేచాడు, ఫోనక్క అంతా విని, ఇవాళే రమ్మని మళ్ళీ చెప్పింది. ఎక్కువమంది మాత్రం, "నువ్వేనా తల్లీ, ఎన్నాళ్ళయింది నీ గొంతు విని" అన్నారు. అలా అన్నప్పుడల్లా తిట్టినవాళ్ళే నయమనిపించింది. నాలుగు రోజుల్లో ముప్పై ఏడు మంది దొరికారు. అందరికీ కొలిచారు. అయిదుగురికి ఒత్తిడి పెరిగి ఉంది, చూపు ఇంకా పోలేదు, మందు మార్చారు. చూపు నష్టపోయినవాడు ఒక్క గడియారాల మేస్త్రే.

ఆయన కొట్టుకి ఫోనక్క స్వయంగా వెళ్ళింది. దాచుకోకుండా నలభై సంగతీ, చుక్కల సంగతీ, తను టీకి లేవడం సంగతీ అన్నీ చెప్పి, "మీ కంటి అంచు నా వల్ల పోయింది బాబాయ్" అంది. ఆయన చేతిలో గోడ గడియారం ఉంది. ఆడవాళ్ళ చేతి గడియారాలు ఇక కుదరడం లేదని, పెద్దవి మాత్రమే తీసుకుంటున్నానని చెప్పాడు. గడియారాన్ని మెల్లగా బల్ల మీద పెట్టాడు.

"కోపం రాలేదని అబద్ధం చెప్పనమ్మా" అన్నాడు. "కానీ నేనొచ్చి అడగబట్టి మిగతావాళ్ళు దొరికారన్నావు చూడు, ఆ మాట బాగుంది. వాళ్ళందరూ చూస్తున్నారు కదా?"

"ముప్పై ఏడు మంది చూస్తున్నారు. ఒక్కరు దొరకలేదు."

"దొరికించుకో మరి. ఇక్కడ కూర్చుని నాకు క్షమాపణలు చెబుతావేంటి?"

దొరకని ఆ ఒక్కరూ ఇస్త్రీ చేసే ఆవిడ. ఆసుపత్రికి మొదటిసారి వచ్చేసరికే ఎడమ కన్ను పోయింది. ఉన్నది కుడి కన్నొక్కటే. రావలసిన తారీఖు దాటి మూడు నెలలా పది రోజులు. నంబరుకి చేస్తే వాడుకలో లేదంటోంది. కొత్త స్క్రిప్టు రోజూ పొద్దున్నే ఆ పేరే మొట్టమొదట అచ్చేస్తోంది. అలా రాసింది తానే కాబట్టి ఎవరినీ అనడానికి లేదు. ఆరో రోజుకి ఆ పేరు చూడలేక, ఆదివారం భర్తని వెంటబెట్టుకుని రికార్డులో ఉన్న అడ్రసుకి రెండు బస్సులు మారి వెళ్ళింది.

అక్కడ ఉండాల్సిన లాండ్రీ లేదు, దాని చోట చెప్పుల కొట్టు ఉంది. చెప్పులాయన అటు వెళ్ళమన్నాడు, అటు ఉన్నవాళ్ళు ఇటు పంపారు. గంటన్నర తిరిగారు. దారంతా ఫోనక్క ఒకటే తలుచుకుంటోంది: తలుపు తట్టగానే ఆ మనిషి గోడ తడుముకుంటూ వస్తే ఏం మాట్లాడాలి? భర్త గొడుగు పట్టుకుని పక్కన నడిచాడు. ముప్పై ఏళ్ళలో ఆయన తప్పు పట్టని రోజు అదొక్కటే.

సందు చివర రేకుల కింద ఒకావిడ బల్ల మీద చొక్కా పరిచి ఇస్త్రీ చేస్తోంది. తల వంచుకుని ఉంది, మొహం కనపడటం లేదు. ఫోనక్క బల్ల దగ్గరికి నడిచింది. "అమ్మా, ఇక్కడ..." అంది.

ఆవిడ తలెత్తకుండానే ఇస్త్రీ పెట్టె నిలబెట్టేసింది.

"ఫోనమ్మగారూ! మీరే కదూ?"

అప్పుడు తలెత్తి, కుడి కంటితో సూటిగా ఫోనక్క మొహంలోకి చూసింది. ఫోనక్క చీర అంచు రంగు చెప్పింది, వెనకాల గొడుగు పట్టుకుని నిలబడ్డాయన మీవారా అని అడిగింది. తన ఫోన్ నీళ్ళబకెట్లో పడిందని, నంబరు మారిందని, లాండ్రీవాళ్ళు ఖాళీ చేయించారని గుక్క తిప్పుకోకుండా చెప్పింది. ఫోనక్కకి ఇవేవీ తలకెక్కడం లేదు.

"మందు? చుక్కల మందు వేస్తున్నావా అమ్మా?"

"వెయ్యకపోతే ఊరుకుంటారా మీరు?" ఆవిడ బల్ల కింది పెట్టెలోంచి సీసా తీసి చూపించింది. సగానికి పైగా నిండుగా ఉంది. "మొన్ననే కొత్తది కొన్నా. మీరేగా అప్పట్లో చెప్పారు, నేను ఫోన్ చేసి ఆపమనేదాకా ఒక్కరోజు కూడా ఆపొద్దని. మీరేమో చెయ్యలేదు. నేనూ ఆపలేదు."

ఆ మాట ఎప్పుడు అన్నదో ఫోనక్కకి గుర్తులేదు. రోజుకి యాభై మందితో ఎన్నో అంటుంది. కళ్ళనిండా నీళ్ళొచ్చి ఎదురుగా ఉన్న మనిషి మసకైపోయింది. బల్ల అంచు పట్టుకుని నిలబడింది.

ఇస్త్రీ ఆవిడ కంగారుపడింది. "అయ్యో, ఏమైందండీ? ఇంత దూరం వచ్చారు, ఇంతకీ ఆపేయమని చెప్పడానికా?"

"కాదమ్మా" అంది ఫోనక్క. "ఇంకా వెయ్యమని చెప్పడానికి."